గంజిపెట్టిన ఎర్రగుడ్డలు

డుంబ్రిగుడ
ఆషాఢం, 1926

చిరంజీవి జోగారావుకు మీ బావ కూర్మనాథం దీవించి రాసేది.

నీ ఉత్తరం చేరింది. మాంచెస్టరులో వాన తప్ప మరేమీ లేదని రాశావు. ఇక్కడా అంతే. కాకపోతే మీ వానలో ట్రాములు తిరుగుతాయి, ఇక్కడి వానలో నేనూ, టపా మోసే గాసీ తిరుగుతాం. మీ అక్క రత్నాలు ఆబ్దికం జరిగింది. శృంగవరపుకోట నుంచి వచ్చిన పురోహితుడు ఘాటీ ఎక్కేసరికి చలిజ్వరం తెచ్చుకుని, మంత్రం సగం, మూలుగు సగంగా ముగించాడు. రత్నాలు ఉంటే పైటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

నీతో నాకు ఒక పని పడింది. నీ ప్రొఫెసరు దొరకి చదివి చెప్పడానికి వీలుగా మొదటినుంచీ రాస్తున్నాను. తెలిసిందే మళ్ళీ రాశాడేమిటని విసుక్కోకు.

జమీందారుగారి తాటాకు గ్రంథాలు కింద కోటలో ఉన్నప్పుడు చెదలు తినేవి. కొండమీది చలికి చెదపురుగు బతకదని ఎవరో ఆయన చెవిలో వేశారు. ఆయన ఇక్కడి వేటబంగళాలో ఒక గది ఖాళీ చేయించి, గ్రంథాలన్నీ నాటుబళ్ళమీద పైకి పంపించి, వాటిని కాపాడటానికీ, కాగితం మీదకి ఎత్తి రాయడానికీ నన్ను పంపించారు. నా వెనకాల మీ అక్క వచ్చింది. మన్యం జ్వరం వస్తుందని అందరూ భయపెట్టినా వచ్చింది. చెదపురుగు నిజంగానే ఇక్కడికి రాలేదు. బూజు వచ్చింది.

ముందు కమ్మల అంచున తెల్లటి నూగులా కనిపిస్తుంది. తుడిస్తే పోతుంది. మళ్ళీ చూసేసరికి పచ్చగా, ఆ తర్వాత నల్లగా లోపలికి దిగి ఉంటుంది. అప్పుడు అక్షరం మీద వేలు పెడితే అక్షరం వేలికి వచ్చేస్తుంది. పసుపు పూశాను, వసకొమ్ములు పెట్టాను, ఎండ కనిపించిన పూటల్లా ఆరబెట్టాను. దాని పని అది చేసుకుపోతోంది. వీటిలో చాలావాటికి రెండో ప్రతి ఎక్కడా లేదు. ఇవి నా కళ్ళముందే మట్టైపోతే నేను ఈ కొండ ఎందుకు ఎక్కినట్టు, మీ అక్కని ఎందుకు ఎక్కించినట్టు?

నువ్వక్కడ బట్టల బూజు గురించి చదువుతున్నావు కదా, ఈ బూజేమిటో, దీన్ని చంపేదేమిటో కనుక్కో. కొంచెం గీకి తగరపు డబ్బాలో వేసి పంపిస్తున్నాను. డబ్బాలో ఏముందో చెబితే గాసి నన్ను ఎగాదిగా చూశాడు. "బూజుని సీమకి అంపుతారేటి బాబూ? ఆ దొరలకి అక్కడ బూజు నేదేటి?" అన్నాడు. ఉందో లేదో నువ్వే చెప్పాలి.

కూర్మనాథం


మాంచెస్టరు
సెప్టెంబరు, 1926

బావగారికి జోగారావు నమస్కారాలు.

ఇక్కడ బూజుకి కరువేమీ లేదని గాసికి చెప్పండి. నా బూట్లకి కూడా ఉంది.

డబ్బా అందింది. మా లేబరేటరీ పుట్టిందే బూజు వల్ల. ఇక్కడి మిల్లుల బట్ట మన దేశానికి ఓడల్లో వస్తుంటే, ఓడ అడుగున బూజుపట్టి పాడవుతోందని వర్తకులు గోలపెట్టి దీన్ని పెట్టించారు. అంచేత మీ డబ్బాని మా దొర ఎంతో ఆదరంగా అందుకున్నాడు. సముద్రపు పాచితో కాచిన జున్నులాంటిది ఒకటి గాజుపళ్ళెంలో పోసి, దానిమీద మీ బూజుని చల్లాం. అది సంతకి దిగిన జనంలా పళ్ళెమంతా పరుచుకుంది. అందులో ఒక రకం మా దొరకే కొత్త. ఆయన దాన్ని హాలండుకి పంపించాడు. అక్కడ ఒక దొరసాని లోకంలోని బూజులన్నిటినీ ఒక్కొక్క గాజుగొట్టంలో బతికించి ఉంచుతుందట. జావాలో మనలాగే తాటాకు పుస్తకాలున్నాయి, అక్కడి ఉద్యోగికి ఒక ఉత్తరం రాశాడు. పారిస్‌లో ఒక పుస్తకశాలకీ, జర్మనీలో ఇంకొకరికీ రాశాడు. మొన్నటి యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్న దేశాలవాళ్ళు బూజు దగ్గరకొచ్చేసరికి ఎంత మర్యాదగా రాసుకుంటున్నారో చూస్తే మీకు నవ్వొస్తుంది.

ఒక్క సంగతి అడగాలి, కోప్పడకండి. మీరు పంపిన పొడిని మైక్రోస్కోపు కింద పెట్టి అయొడిను చుక్క వేస్తే అక్కడక్కడ నీలంగా మారింది. అంటే అందులో పిండి ఉంది. కమ్మల మీదకి పిండి ఎలా వచ్చింది? ఎవరైనా అన్నం తిన్న చేత్తో ముట్టుకుంటున్నారా? ప్రతి కట్ట నుంచీ కొంచెం గీకి, వేరువేరుగా పొట్లాలు కట్టి పంపించండి.

ఇక్కడ నన్ను జోగారావని పిలిచేవాళ్ళు లేరు. అందరికీ మిస్టర్ రావునే. అక్క పోయిందన్న మీ తంతి అందిన రోజున నాకు పరీక్ష. వెళ్ళి రాశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే వాళ్ళు టోపీ తీసి అయ్యో అంటారు, అంతేకదా. మా అమ్మ పోయాక నాకు తలదువ్వి, అన్నం పెట్టి పెంచిన మనిషని వాళ్ళకెలా చెప్పను? మీ డబ్బా తెరిచినప్పుడు మాత్రం చాలాసేపు దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

జోగారావు


డుంబ్రిగుడ
కార్తీకం, 1926

చిరంజీవి జోగారావుకు,

అన్నం తిన్న చేత్తో కమ్మలు ముట్టే ఇంటికి మీ అక్కని ఇచ్చారా? సముద్రం దాటినవాడివి, నువ్వా నాకు ఎంగిలి సంగతి చెప్పేది? నేను స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని గాని ఆ గది తలుపు తియ్యను. చలికాలంలో ఇక్కడ తెల్లవారి స్నానమంటే ఏమిటో నీ దొరని వచ్చి చూడమను.

కోపం అయిపోయింది. ఇప్పుడు విను. ఆ గ్రంథాలకి ఎంత శుభ్రంగా జరుగుతోందో నీ దొరకి తెలియాలి. ప్రతి కట్టకీ చుట్టిన ఎర్రగుడ్డని నేనే ఉతికి, గంజిపెట్టి, ఆరేసి, మళ్ళీ కడతాను. అవును, నేనే. ఇదంతా మీ అక్క పెట్టిన అలవాటు. వచ్చిన కొత్తలో ఆ గుడ్డలు మాసి వేలాడుతుంటే చూసి, "నలిగిన పంచెతో మీరు కచేరీకి ఎల్తారేటి? మరి పుస్తకానికి నలిగిన గుడ్డెందుకు?" అంది. ఆనాటినుంచి వాటికి గంజి. కొండమీద వరిబియ్యం కరువు, దక్షిణాన రాగులనే చోళ్ళకి కరువు లేదు. అంచేత చోడిగంజి. పనికొచ్చే మా కనక చోళ్ళు విసిరి ఇస్తుంది. వస్త్రంలో జల్లించిన పిండిని ముందు చన్నీళ్ళలో కలపాలి, ఆ తర్వాతే పొయ్యిమీద పెట్టాలి, చెయ్యి ఆపకుండా తిప్పాలి. ఆపితే ఉండలు కడుతుంది. ఈ విద్య నాకెక్కడిదనుకున్నావు? మీ అక్క మంచంమీంచి లేవలేకుండా ఉన్న రోజుల్లో నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పడుకునే నేర్పించింది. "తిప్పండి, తిప్పండి, నా మొహమేటి సూత్తారు, గంజి సూడండి" అనేది. వంటిల్లంటే ఏ వైపో తెలియని నేను ఇవాళ గంజి కాయడంలో ఘనాపాఠీని. ఇంట్లో తను చేసే పనులన్నీ ఆగిపోయాయి జోగారావూ. ఇదొక్కటే నడుస్తోంది.

పొట్లాలు పంపిస్తున్నాను. ఒక్క యక్షగానం కట్టలోది మాత్రం పంపలేదు. జమీందారుగారి తాతగారి హయాంలో ఆడించినది, నేను చదువుతుంటే రత్నాలు దరువులు కూనిరాగం తీసేదే, అది. ఆ కట్ట బాగానే ఉంది, దాని జోలికి వెళ్ళనక్కర్లేదు. మా శుభ్రం ఎలాంటిదో చూపించడానికి ఉతికి గంజిపెట్టిన గుడ్డముక్క ఒకటి పెడుతున్నాను. మాంచెస్టరులో అలాంటి గంజి ఎవడైనా పెట్టగలడేమో అడుగు.

బయట లోయంతా వలిసెపూలు పూసి పసుపు ఆరబోసినట్టుంది. చూడటానికి నేనొక్కణ్ణే.

కూర్మనాథం


మాంచెస్టరు
జనవరి, 1927

బావగారికి నమస్కారాలు.

పొట్లాలూ, గుడ్డా అందాయి. పరీక్షలు ఇంకా జరుగుతున్నాయి. ఇంతలో ఏమీ తేల్చి చెప్పలేము. జావా నుంచి జవాబు వచ్చింది. అక్కడ ఏవో గింజల నూనెలో మసి కలిపి కమ్మలకి రాస్తారట. పారిస్ ఆయనేమో గది గాలి ఆడేలా ఉండాలని రాశాడు. అందరూ మీ కుశలం అడిగారు. డుంబ్రిగుడ పేరు పలకలేక మా దొర నాలుక పాట్లు పడుతున్నాడు.

ఇక్కడ పొగమంచు. వీధి అవతలి ఇల్లు కనపడదు. మా ఇంటి దొరసానికి దగ్గు. నేను బాగానే ఉన్నాను.

ప్రస్తుతానికి ఆ గుడ్డలు విప్పేసి, కమ్మల్ని చెక్కల మధ్య ఉత్తగా ఉంచితే మంచిదేమో. ఊరికే, గాలి కోసం. మీరు పంపని ఆ ఒక్క కట్ట నిజంగా బాగానే ఉందా? మీరు విప్పి చూశారా?

జోగారావు


డుంబ్రిగుడ
ఫాల్గుణం, 1927

చిరంజీవి జోగారావుకు,

నీ ఉత్తరం గంజి లేని పంచెలా ఉంది. ఎక్కడ పట్టుకున్నా నిలబడదు. ఇంటి దొరసాని దగ్గు నాకెందుకు? నా గుడ్డముక్క గురించి ఒక్క మాట లేదు. అంత మంచి గంజి చూసి ఒక్క మాటైనా అనని వాడివి కావు నువ్వు. చిన్నప్పుడు నువ్వు పలకబద్ద విరక్కొట్టి మీ అక్క దగ్గరకొచ్చి వాతావరణం గురించి మాట్లాడేవాడివట. ఆవిడే చెప్పింది. ఇదీ ఆ బాపతే. నా దగ్గర దాచేది ఏముంది? ఆ గ్రంథాలు బతకవని తేలిందా? తేలితే చెప్పు. దాచి నన్ను చిన్నపిల్లవాణ్ణి చెయ్యకు.

గుడ్డలు విప్పెయ్యమన్నావు. ఊరికే, గాలి కోసం అన్నావు. గాలి కోసమైతే కిటికీ ఉంది.

ఇక్కడ నాతో మాట్లాడేది కనక ఒక్కతే. పొద్దున్న వచ్చి, పని చేసుకుని, ఎండ దిగకముందే వాళ్ళ ఊరు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత మాట్లాడ్డానికి ఎవరూ లేక కమ్మలు పైకి చదువుకుంటాను. ఒక పద్యం చదివితే మీ అక్క "ఏటి, మళ్ళీ సదవండి" అనేది. అర్థం కాకకాదు, ఊరికే ఇంకోసారి వినడానికి. ఇప్పుడు మళ్ళీ చదవమనేవాళ్ళు లేరు, అంచేత ప్రతి పద్యం ఒక్కసారితో అయిపోతోంది. సాయంత్రాలు చాలా పొడుగ్గా ఉంటున్నాయి.

యక్షగానం కట్ట సంగతి రెండోసారి అడగకు.

కూర్మనాథం


మాంచెస్టరు
ఏప్రిల్, 1927

బావగారూ,

గంజి.

ఆ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. మీ గుడ్డముక్క వచ్చిన రోజే నాకు తెలిసింది. మా దొర దాన్ని వేళ్ళమధ్య పట్టుకుని చూడగానే తలాడించాడు. ఇక్కడి బట్టలకి ఓడల్లో బూజు పట్టడానికి కారణం అదే. నేతకి ముందు నూలుకి పిండితో గంజి పెడతారు, తడి తగలగానే బూజు ఆ పిండిని తింటుంది. తిని బలిశాక బట్టని తింటుంది. మన కట్టల్లోనూ అదే జరిగింది. బూజు ముందు గుడ్డలోని గంజిని తిని, అక్కడినుంచి కమ్మల్లోకి దిగింది. అయొడినుకి నీలంగా మారిన పిండి ఆ గుడ్డల్లోంచి రాలినదే. అది బియ్యపుపిండి కాదు, దాని రేణువు వేరేలా ఉందని మా దొర ఆశ్చర్యపడ్డాడు. అది చోడిపిండని నేను చెప్పాను.

మన కింది ఊళ్ళలో అయితే ఏమీ అయ్యేది కాదు. అక్కడ ఎండ ఉంది. ఎన్ని తరాలు గంజిగుడ్డలు కట్టినా పుస్తకం చెడలేదు. కొండమీది మంచులో మాత్రం అది బూజుకి అన్నం పెట్టినట్టే అయింది. అక్క తప్పు లేదు. మీ తప్పు లేదు. ఇది మీరు నమ్మాలి.

మీరు అడిగారు, ఎందుకు దాచావని. మీ గుడ్డముక్క మడత విప్పగానే ఎండలో ఆరిన గంజి వాసన వచ్చింది. అది నేను బడికి వేసుకెళ్ళిన చొక్కా వాసన. అక్క గంజి పెడితే కాలరు మెడ కోసేసేది. నేను ఏడిస్తే "నలిగిన చొక్కా ఏసుకెళ్తే మాస్టారు నిన్ను వెనక్కి కూకోబెడతారు" అనేది. లేబరేటరీలో నలుగురి మధ్యా నాకు ఏడుపొచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఇల్లంతా ఆగిపోయినా ఈ ఒక్క పనీ నడుస్తోందని మీరు రాశారు. దాన్ని ఆపమని నేనెలా రాయను? కాని రాయకపోతే పుస్తకాలు పోతాయి. ఈపాటికే ఆలస్యం చేశాను.

గుడ్డలన్నీ గంజి పోయేదాకా వేణ్ణీళ్ళలో ఉతికించండి. గంజి మళ్ళీ పెట్టకండి. ఆ యక్షగానం కట్ట అక్క స్వయంగా కట్టిందని నాకు అర్థమైంది. అందుకే మీరు విప్పడం లేదు. దయచేసి విప్పండి. అందరికంటే ముందు దాన్నే విప్పండి.

జోగారావు


డుంబ్రిగుడ
జ్యేష్ఠం, 1927

జోగారావుకు,

ఉత్తరం అందింది. మీ అక్క పుస్తకాలకి చేసినది సేవ. దాన్ని బూజుకి అన్నం పెట్టడమని రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది? ఆ అన్నమే తిని పెరిగావు. నీకూ, నీ దొరకీ, హాలండు దొరసానికీ ఒక దణ్ణం. ఇక నాకు రాయనక్కర్లేదు.

కూర్మనాథం


మాంచెస్టరు
ఆగస్టు, 1927

బావగారికి,

రాయవద్దన్నారు. రాస్తున్నాను. నాకు రాయడానికి మీరు తప్ప ఎవరూ లేరు, మీకూ నేను తప్ప లేరనుకుంటాను. అంచేత మనం ఒకరిమీద ఒకరు అలిగే స్థితిలో లేము.

ఇప్పుడు అక్కడ వానలు ముదిరి ఉంటాయి. ప్రతి వాన గురించీ ఆలోచిస్తున్నాను. టపా వచ్చే రోజున మెట్ల దగ్గరే నిలబడుతున్నాను. మా ఇంటి దొరసాని తల అడ్డంగా ఊపి లోపలికి పోతుంది.

నన్ను తిట్టైనా రాయండి. పుస్తకాలు ఎలా ఉన్నాయో అక్కర్లేదు, మీకు జ్వరం లేదని ఒక్క ముక్క చాలు.

జోగారావు


డుంబ్రిగుడ
ఆశ్వయుజం, 1927

చిరంజీవి జోగారావుకు మీ బావ దీవించి రాసేది.

జ్వరం లేదు. నీ రెండు ఉత్తరాలూ నా బల్లమీదే ఉన్నాయి.

నీమీద కోపంతో శ్రావణం దాకా అన్ని గుడ్డలకీ ఎప్పటికంటే చిక్కగా గంజిపెట్టాను. ఆ తర్వాత ఒక పూట భారతం కట్ట విప్పితే గుడ్డకి లోపలివైపు తెల్లటి నూగు కనిపించింది. గుడ్డ మడత ఎక్కడ ఆనిందో కమ్మమీద కూడా అక్కడే, గీత గీసినట్టు, నూగు. నువ్వు రాసినట్టే. ఇక దేవుడొచ్చి చెప్పినా కాదనడానికి లేదు. గుడ్డలన్నీ కాగుల్లో వేసి ఉడకబెట్టించాను. కనక ఉతికి ఆరేసింది. ఇప్పుడవి మెత్తగా వేలాడుతున్నాయి. చూడటానికి నాకు ఇష్టం లేదు, అయినా అవే కడుతున్నాను. వానలు పూర్తయ్యాయి, కొత్తగా బూజు కనిపించలేదు.

ఆ ఒక్క కట్ట మాత్రం అలాగే ఉంచాను. దానికి గుడ్డ కట్టిన రోజే రత్నాలు మంచం ఎక్కింది. మళ్ళీ దేనికీ ముడి వెయ్యలేదు. విప్పితే ఆవిడ వేసిన ముడి ఇక ఈ లోకంలో ఎక్కడా ఉండదు. నీతో అది బాగానే ఉందని అబద్ధం చెప్పాను.

కనక అడిగింది, "ఆ మూటొక్కటీ ఇప్పరేటి బాబూ?" అని. అమ్మ కట్టింది కదా అన్నాను. దానికి అది, "అమ్మ ఇప్పొద్దని సెప్పిందేటి? ఆయమ్మ మళ్ళీ నువ్వు సదువుతావనే కట్టినాది గాని, దాసుకోమని కట్టినాదేటి?" అంది. మూట తెచ్చి వసారాలో పెట్టుకుని కూర్చున్నాను.

మీ అక్క కొస లోపలికి దూర్చి ఎవరికీ కనపడకుండా వేసేది ముడి, నీకు గుర్తుందా? కనక కత్తి తెస్తానంది, నేను వద్దన్నాను. గోళ్ళతో మెల్లగా తీశాను. జోగారావూ, ముడి విప్పి కమ్మల్ని బయటికి లాగాక ఆ గుడ్డ కింద పడలేదు. కట్ట లోపల ఉన్నట్టే, అదే ఆకారంలో నిలబడి ఉంది. అంత బాగా గంజి పెట్టింది.

లోపల కమ్మలన్నీ అంటుకుని నల్లటి దిమ్మలా అయిపోయాయి. విడదీయబోతే పొడి రాలింది. వెనక చెక్కకి ఆనుకున్న కొన్ని కమ్మల్లో మాత్రం మంగళహారతి మిగిలింది. రాసినవాడి పేరు మొదటి కమ్మలో ఉండేది, అది పోయింది. నేను ఆ యక్షగానాన్ని ఎత్తి రాయలేదు. బాగా ఇష్టమైనది కదా, తీరిగ్గా చివర్న రాద్దామనుకున్నాను. నువ్వు మొదట అడిగినప్పుడే విప్పి ఉంటే కొంతైనా దక్కేదేమో. ఈ మాట నువ్వు అనవు కాబట్టి నేనే అనుకుంటున్నాను.

కనక ఎదుటే ఏడ్చాను. నాకు సిగ్గు వెయ్యలేదు.

ఆ గుడ్డని ఉడకబెట్టడానికి చేతులు రాలేదు. అలాగని ఇంట్లో ఉంచితే మిగతావాటికి ప్రమాదం. బూజుతో సహా మడిచి నీకు పంపిస్తున్నాను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

కూర్మనాథం


మాంచెస్టరు
డిసెంబరు, 1927

బావగారికి నమస్కారాలు.

గుడ్డ చేరింది. దారిలో ఎన్ని చేతులు మారినా, పార్సిలు విప్పితే ఇంకా పెళపెళలాడింది.

దానిమీది బూజుని తీసి పళ్ళెంలో వేశాను. చక్కగా పెరిగింది. మొదటి డబ్బాలో మా దొర కొత్తదన్న రకం ఇదే. అప్పుడు పంపినది హాలండు చేరేసరికి చచ్చిపోయింది, ఇది బతికి చేరింది. దొరసాని తన దగ్గర శాశ్వతంగా ఉంచుకుంటానని రాసింది. అక్కడ ప్రతి గొట్టానికీ ఒక చీటీ అంటిస్తారు. ఎక్కడిది అన్నచోట డుంబ్రిగుడ అని రాశాను. దేనిమీద పుట్టింది అన్నచోట చోడిగంజి అని రాశాను. ఎవరిచ్చారు అన్నచోట అక్క పేరు రాశాను. మిమ్మల్ని అడక్కుండా రాశాను, క్షమించండి.

ఆ గొట్టంలో ఉన్నది ఊరికే ఉండదట. పెట్టిన తిండి అయిపోయేలోగా కొంచెం తీసి కొత్త గొట్టంలో వెయ్యాలి. మళ్ళీ అయిపోయేలోగా మళ్ళీ. ఆ దొరసాని తర్వాత ఇంకొకరు వస్తారు, వాళ్ళూ అలాగే చేస్తారు. దాన్ని చంపడమెలాగో కనుక్కోమని మీరు అడిగారు. నేను అక్క గంజి తిని పెరిగినదాన్ని చావకుండా చేయించాను. ఇది సైన్సు కోసమే చేశానని మా దొరతో అన్నాను. మీతో అలా అనలేను.

జావాకీ, సింహళానికీ, పారిస్‌కీ మా దొర ఉత్తరాలు రాశాడు, తడి ప్రాంతాల్లో తాటాకు పుస్తకాలకి గంజిగుడ్డ కట్టవద్దని. జావా ఆయన తనూ వెంటనే గుడ్డలు మార్పించానని జవాబిచ్చాడు. ఆ యక్షగానం పోయింది, దాని వల్ల ఎక్కడో మనకి పేరు తెలియని పుస్తకాలు నిలుస్తాయి. ఇది మీకు ఓదార్పు కాదని తెలుసు. నాకూ కాలేదు.

హాలండు దొరసాని ఒక ఇబ్బంది రాసింది. ఆమె దానికి బియ్యపు గంజీ, బంగాళాదుంపల రసమూ పెడుతోందట. బతికి ఉంది గాని, సన్నగా, పాలిపోయి పెరుగుతోందట.

ఎండకాలానికి నా చదువు అయిపోతుంది. ఓడ ఎక్కేటప్పుడు ఎక్కడికి అని అడుగుతారు. ఏ ఊరు చెప్పాలో తెలియడం లేదు.

జోగారావు


డుంబ్రిగుడ
మాఘం, 1928

చిరంజీవి జోగారావుకు మీ బావ దీవించి రాసేది.

ఏ ఊరు చెప్పాలో తెలియకపోవడమేమిటి? డుంబ్రిగుడ అని చెప్పు. ఆ పేరు పలకడం మీ దొర దగ్గర వాళ్ళు నేర్చుకుంటారు. ఉత్తరం వైపు గది ఖాళీగా ఉంది. నువ్వు వచ్చి కూర్చుంటే నేను ఒక పద్యం రెండుసార్లు చదువుతాను.

చీటీమీద మీ అక్క పేరు రాసినందుకు నాకు కోపం లేదు. ఆ సంగతి కనకతో చెప్పాను. అది వెంటనే, "మరి ఆ దొరసాని సోళ్ళు ఎక్కడ తెత్తాది?" అంది. వెళ్ళి వాళ్ళ ఇంటినుంచి కొత్త పంట చోళ్ళు తెచ్చి, విసిరి, వస్త్రంలో జల్లించి ఇచ్చింది. ఈ పార్సిలులో ఉన్నది అదే. గాసి ఈసారి ఏమీ అడగలేదు. పార్సిలు తలమీద పెట్టుకుని, మంచుకి తడవకుండా గొంగడి కప్పి తీసుకెళ్ళాడు.

దీన్ని హాలండుకి పంపించు. ఎలా కాయాలో ఆ దొరసానికి వాళ్ళ భాషలో విడమరిచి రాయి. ముందు చన్నీళ్ళలో కలపాలి. వేడినీళ్ళలో వేస్తే ఇక అంతే. పొయ్యిమీద పెట్టాక చెయ్యి ఆపకూడదు, పక్కకి చూడకూడదు. ఆపితే ఉండలు కడుతుంది. పిండి అయిపోవచ్చినప్పుడు నాకు ముందుగా తెలియజేస్తే మళ్ళీ పంపిస్తాను, అది నా పూచీ.

ఇక్కడ నేను గంజి కాయడం మానేశాను. అక్కడ మానవద్దని ఆవిడకి చెప్పు.

కూర్మనాథం